వెచ్చని వేళ్ళు

వీర్రాజు కుడిచెయ్యి మణికట్టు దాకా మట్టిలో దిగి ఉంది. కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా గొంతుక్కూర్చున్నాడు. సత్యవేణి రెండడుగుల దూరంలో నిలబడి, బాబాయ్ ఏమంటాడా అని ఎదురుచూస్తోంది.

"కాలుతోందమ్మాయ్," అన్నాడు చివరికి.

"కాలడమేంటి బాబాయ్? పదమూడు డిగ్రీలు. మన కడియంలో నుయ్యి నీళ్ళు కూడా ఇంతకంటే వెచ్చగా ఉంటాయి."

"నీ డిగ్రీలు నాకు తెలీవు. పోయినేడు ఇదే మట్టిలో చెయ్యెడితే ఎముకలు కొరికేసింది. ఇప్పుడేమో కోడి కిందనుంచి తీసిన గుడ్డులాగుంది."

"మనకి కావలసింది అదే కదా?"

వీర్రాజు చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకుని లేచాడు. నడుము దాకా పెరిగిన విల్లో అనే చలిదేశపు పొదల మధ్య బూటుకాలితో నేలని ఒకసారి గట్టిగా తొక్కాడు. నాలుగడుగుల అవతల ఉన్న పొద కూడా ఊగింది.

"చూశావా?" అన్నాడు. "పరుపు మీద నడుస్తున్నట్టుంది. అడుగున ఏదో వదిలేసింది."

సత్యవేణి నవ్వేసింది. నవ్వడం తప్ప ఆ ఉదయం ఇంకేం చేయాలన్నా ఆమెకి భయంగా ఉంది. తొమ్మిదింటికి విమానంలో ఎలెన్ మెక్‌రే వస్తోంది. సత్యవేణి పనిచేసే పరిశోధన కేంద్రానికి ఎలెన్ అధిపతి. సాయంత్రం నాలుగింటికి అదే విమానం అరవై వేల కొమ్మ ముక్కలతో తిరిగి బయల్దేరాలి. అవి ఉత్తరాన మరో పన్నెండు చోట్లకి వెళతాయి. కాగితాల మీద సత్యవేణి సంతకం ఒక్కటే మిగిలింది.

కెనడా ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ సముద్రానికి ఆరు మైళ్ళ ఇవతల, కివాలుక్ అనే చిన్న ఊరుంది. నూట నలభై మంది జనం. ఊరి వెనకాల కొండవాలు మీద నలభై ఏళ్ళ కిందట ఎవరో చమురు కోసం తవ్వారు. దొరకలేదు. కంకరా, ఇనుప గొట్టాలూ, బుల్డోజర్ల చాళ్ళూ వదిలేసి వెళ్ళిపోయారు. టండ్రా నేల మీద నాచునీ మట్టినీ ఒకసారి చెక్కేస్తే మళ్ళీ పచ్చబడటం తేలిక కాదు. అక్కడ వేసవిలో మోకాలి లోతు వరకే మట్టి కరుగుతుంది. ఆ కిందంతా వందల అడుగుల లోతున ఏనాడూ కరగని గడ్డనేల. ఆ చలికి కొమ్మ ముక్క గుచ్చితే పదింటిలో ఒకటి వేరు పోసుకుంటుంది. అదీ ఏడాదికి వేలెడు కూడా పెరగదు.

సత్యవేణిది కడియంలో తరతరాలుగా మొక్కలు పెంచి అమ్మే కుటుంబం. చదువుకునే రోజుల్లో, మాఘమాసపు చలి ఉదయం, చెరువులో తామర మొగ్గలోకి థర్మామీటరు గుచ్చి ఆశ్చర్యపోయింది. బయట పదహారు డిగ్రీలు, పువ్వు లోపల ముప్పై రెండు. తామర తన చక్కెరని తానే కాల్చుకుని వెచ్చదనం పుట్టించుకుంటుంది. పువ్వు చేసే ఆ పనిని వేరు చేత చేయించగలిగితే? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆరేళ్ళు ప్రయోగశాలలో గడిపింది. ఆరో ఏడు, రెండు డిగ్రీల చల్లటి మట్టిలో, తామర గుణం ఎక్కించిన విల్లో కొమ్మ ఎనిమిది రోజుల్లో తెల్లటి వేళ్ళు తొడిగింది.

కానీ ప్రయోగశాల కుర్రాళ్ళు కోసిన కొమ్మల్లో సగం కుళ్ళిపోయేవి. అప్పుడే ఆమెకి బాబాయ్ గుర్తొచ్చాడు. నలభై ఏళ్ళు రోజుకి వెయ్యి అంట్లు కట్టిన చెయ్యి అది. వీర్రాజు వచ్చి, కణుపు కింద ఎంత ఏటవాలుగా కోయాలో, బెరడు నలగకుండా ఎలా గుచ్చాలో చేసి చూపించాడు. కిందటేడు జూన్‌లో ఈ వాలు మీద నలభై వేల ముక్కలు నాటారు. ముప్పై తొమ్మిది వేలు బతికాయి. నలభై ఏళ్ళు బోడిగా పడి ఉన్న నేల పదమూడు నెలల్లో పచ్చబడింది.

"నీకో సంగతి చూపించాలి," అన్నాడు వీర్రాజు. "రా."

పొదలు దాటి, చెక్కుచెదరని పాత నాచునేల మీదకి తీసుకెళ్ళాడు. అక్కడ, వాళ్ళు నాటిన చోటికి రెండువందల గజాల అవతల, జానెడెత్తు విల్లో మొక్కలు గుంపుగా నిలబడి ఉన్నాయి.

"ఇవి నేను నాటలేదు. కారిబూ జింకలు పొదల్లో పడి మేస్తుంటాయి కదా, వాటి కాళ్ళకి విరిగిన పుల్లలివి. ఎక్కడ పడితే అక్కడ నాటుకుపోయాయి. పుల్ల అడ్డంగా పడినా సరే వేరు పోస్తోంది."

సత్యవేణి వీపున తగిలించుకున్న ఇనుప చువ్వ తీసింది. నేల ఎంత లోతు కరిగిందో చూడటానికి వాడే చువ్వ అది. గుచ్చితే మోకాలి లోతులో గడ్డనేల తగిలి టక్కుమనాలి. గుచ్చింది. చువ్వ మోకాలు దాటింది. తొడ దాటింది. పిడి దాకా, మీటరున్నర, జున్నులోకి దిగినట్టు దిగిపోయింది. టక్కుమనలేదు.

మరోచోట గుచ్చింది. అక్కడా అంతే.

"ఏంటమ్మాయ్, మొహం అలా అయిపోయింది?"

ఆమెకి ఏడో గొట్టం గుర్తొచ్చింది. నేల అడుగు వేడిని కొలవడానికి వాలు పొడుగునా పన్నెండు గొట్టాలు దింపారు. జూన్‌లో పదకొండు సవ్యంగా ఉన్నాయి, ఏడోది మాత్రం వేడెక్కుతున్నట్టు చూపించింది. ఆ పదకొండూ పొదలకి దూరంగా, కంకర అంచున ఉన్నాయి. ఏడోదొక్కటే పొదల నడిమధ్య ఉంది. నివేదికలో ఆ వరస ఎదురుగా ఆమె 'పరికరం చెడింది' అని రాసి, ఆ అంకెల్ని కొట్టేసింది. రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. ఆగిందని ఆమెకి ఇప్పటికీ గుర్తే.

గుడారానికి తిరిగొచ్చేసరికి ఎలెన్ అప్పటికే వచ్చి ఉంది. పక్కన ఆగ్నెస్ కుప్టానా నిలబడి ఉంది. ఆగ్నెస్ ఊరి పెద్ద. అరవై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది. మాట తక్కువ. ఈ వాలు మీద నాటడానికి ఊరివాళ్ళని ఒప్పించింది ఆమే.

"సత్యా, మా మంచుకొట్టు గోడలు చెమర్చాయి," అంది సూటిగా.

కివాలుక్ జనం గుట్టలోపల, గడ్డనేలని ముప్పై అడుగులు తవ్వి కట్టుకున్న కొట్టు అది. మూడు తరాల నాటిది. ఏడాదికి సరిపడా చేపా, మాంసమూ అందులోనే దాచుకుంటారు. అది పొదల అంచుకి మూడువందల గజాల దూరంలో ఉంది.

"ఎప్పటి నుంచి?" అంది సత్యవేణి.

"నిన్న కాస్త తడి కనపడింది. ఇవాళ చుక్కలు పడుతున్నాయి. మా అమ్మమ్మ కాలం నుంచీ ఆ గోడల మీద నీటిచుక్క చూసినవాళ్ళు లేరు. చేపలు ఇప్పుడే బయటికి తీస్తాను. నాకు ఇద్దరు మనుషులు కావాలి. మగవాళ్ళంతా సముద్రం మీదున్నారు."

"నేనొస్తానండి," అన్నాడు వీర్రాజు తెలుగులోనే. ఆ ఏడాదిలో వాళ్ళిద్దరికీ ఒకరి మాట ఒకరికి అందే దారి ఏదో ఏర్పడింది. ఆగ్నెస్ తల ఊపింది. వీర్రాజు వెళుతూ వెనక్కి తిరిగి, "ఆ సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకు తల్లీ," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక సత్యవేణి చువ్వ సంగతి చెప్పింది. ఎలెన్ ఓపిగ్గా వింది. ఎలెన్ చెడ్డ మనిషి కాదు. ముప్పై ఏళ్ళుగా ఉత్తరాది నేల చచ్చిపోవడం కళ్ళారా చూసిన మనిషి. ఈ పచ్చదనాన్ని మొదటిసారి చూసినప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చింది.

"ఒక కొట్టు," అంది ఎలెన్. "ఊరికి పెద్ద ఫ్రీజర్లు కట్టించి ఇద్దాం. పన్నెండు చోట్ల నేల కోసుకుపోయి నదుల్లో కలుస్తోంది, అది ఆగొద్దా?"

"ఇది ఆపదు ఎలెన్. లోపలి నుంచి కరిగిస్తుంది. వేరు కిందికే కాదు, పక్కకీ పాకుతోంది. విరిగిన ప్రతి ముక్కా మళ్ళీ మొక్క అవుతోంది."

"గొట్టాల లెక్కలన్నీ బాగున్నాయని నువ్వే రాశావు."

"పదకొండు," అంది సత్యవేణి.

ఎలెన్ కళ్ళజోడు తీసింది. "ఏడోది చెడిందన్నావు కదా?"

"చెడలేదు. నేనే అబద్ధం రాశాను."

ఎలెన్ నోరు తెరిచే లోపల గుడారంలో రేడియో గరగరలాడింది. ఆడగొంతు, గాభరాగా, ముక్కలు ముక్కలుగా. కొట్టు కూలింది. ఇద్దరూ లోపలున్నారు.

సత్యవేణి పరుగెత్తింది. వాలు దిగుతుంటే కాళ్ళ కింద నేల నాలుగుసార్లు జారింది. పైన ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది. గుట్ట దగ్గర నలుగురు ఆడవాళ్ళు చెక్క తలుపు చుట్టూ నిలబడి, లోపలికి తాడు వదులుతున్నారు. బయట చాపల మీద సగం చేపలే ఉన్నాయి. మిగతా సగం తేవడానికి రెండోసారి దిగారట.

ఎవరో ఆపబోయారు. ఆమె ఆగలేదు. నుదుటికి దీపం కట్టుకుని నిచ్చెన దిగింది.

పదడుగులు దిగేసరికి మెడ మీద నీళ్ళు పడ్డాయి. ఇరవై అడుగుల దగ్గర పచ్చి మట్టి వాసన, చేపల వాసన కలిసి ముక్కుకి కొట్టింది. దీపం పైకెత్తింది. కప్పులోంచి తెల్లటి దారాలు వేలాడుతున్నాయి, వందలు, వేలు. ఒక కుచ్చు చెంపకి తగిలింది. వెచ్చగా ఉంది. తన ఆరేళ్ళ కష్టం ఆ కుచ్చులోనే ఉంది.

"బాబాయ్!"

"ఇక్కడ... గట్టిగా అరవకు. కప్పు ఊడుతుంది."

రెండో గది గుమ్మం దగ్గర ఆగ్నెస్ వెల్లకిలా పడి ఉంది. ఎడమ మోకాలి కింద మంచు పెళ్ళ పడి కాలు వంకర తిరిగిపోయింది. ఆమె పైన, గుమ్మం దూలం కింద, వీర్రాజు భుజమూ రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. మొహం నల్లగా కమిలిపోయింది. దూలం పైనుంచి బురద జారుతోంది.

"ముందు ఆవిణ్ణి లాగు," అన్నాడు.

"నువ్వు..."

"చెప్పింది చెయ్యి!"

పుట్టి బుద్ధెరిగాక బాబాయ్ ఆమెని కసరడం అదే మొదలు. సత్యవేణి మూల ఉన్న గునపం తెచ్చి పెళ్ళ కింద దూర్చి ఎత్తింది. ఆగ్నెస్ పళ్ళు బిగించి మోచేతుల మీద వెనక్కి పాకింది. సత్యవేణి ఆమె చంకల కింద చేతులేసి నిచ్చెన దాకా ఈడ్చింది. తాడు కట్టింది. పైన నలుగురూ లాగారు. ఆగ్నెస్ పైకి వెళుతూ, "రాజుని తీసుకురా," అంది. అంతే అంది.

సత్యవేణి వెనక్కి తిరిగేసరికి దూలం పటపటమంది.

"వదిలెయ్ బాబాయ్! ఇటు దూకు!"

వీర్రాజు దూకాడు. మనిషి ఇవతలికి వచ్చాడు, కుడిచెయ్యి రాలేదు. దూలానికీ గోడకీ మధ్య నలిగిపోయింది. అతను అరవలేదు. నోటితో గాలి పీల్చి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. సత్యవేణి గునపం దూర్చి ఒంటి బరువంతా వేసింది. కదల్లేదు. మళ్ళీ వేసింది. పైనుంచి మట్టి జలజలా రాలుతోంది. మూడోసారి దూలం అంగుళం లేచింది. వీర్రాజు చెయ్యి లాక్కున్నాడు. అది చెయ్యిలా లేదు.

వాళ్ళు పైకి రావడం, వెనక గుట్ట పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడుతో లోపలికి కుంగిపోవడం, రెండింటికీ మధ్య నిమిషం తేడా ఉంటుందేమో.

విమానం దగ్గరకి మంచాల మీద మోసుకెళ్ళారు ఇద్దరినీ. ఊళ్ళో నర్సు ఆగ్నెస్ కాలుకి కట్టు కట్టింది. ఎముక విరిగింది, కానీ ఇక్కడే కుదురుతుంది అంది. వీర్రాజు చేతిని చూసి మాత్రం, "ఇప్పుడే వెళ్ళాలి," అంది. విమానం నిండా పెట్టెలున్నాయి. పైలట్ ఎలెన్ వైపు చూశాడు.

"సగం దింపితే చాలదా?" అంది ఎలెన్ నెమ్మదిగా.

సత్యవేణి విమానంలోకి ఎక్కి, మొదటి పెట్టె ఎత్తి కంకర మీద పెట్టింది. రెండోది. మూడోది. ఎలెన్ కాసేపు అలాగే చూసింది. తర్వాత కోటు విప్పి కింద పడేసి, పదో పెట్టె తానే అందుకుంది. ఒక్క పెట్టె కూడా మిగల్చకుండా దింపారు. ఆ సాయంత్రమే ఊరి చెత్త కాల్చే పెద్ద కొలిమిలో వాటిని వేసేశారు.

"నేనూ వస్తాను బాబాయ్," అంది సత్యవేణి విమానం మెట్ల దగ్గర.

"వచ్చి ఏం చేస్తావు? డాక్టర్లున్నారు కదా." మందు మత్తులో అతని మాట ముద్దగా వస్తోంది. "ఇక్కడుండు. మనం నాటాం. మనలో ఒకరన్నా ఉండాలి ఇక్కడ."

మర్నాడు బడి హాల్లో ఊరంతా కూడింది. ఆగ్నెస్ ముందు వరసలో, కాలు ఎదుటి కుర్చీ మీద చాపుకుని కూర్చుంది. సత్యవేణి ఏడో గొట్టం సంగతి దాచకుండా చెప్పింది. వెచ్చని వేరు ఎలా పనిచేస్తుందో, జూన్‌లో తనేం చూసిందో, ఏం రాసిందో.

వెనక ఎక్కడో చంటిబిడ్డ ఏడిస్తే తల్లి బయటికి తీసుకెళ్ళింది.

"ఆ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుంటే," అంది ఆగ్నెస్, "మేం జూన్‌లోనే కొట్టు ఖాళీ చేసేవాళ్ళం. గోడలైనా నిలబెట్టుకునేవాళ్ళం."

"అవును."

"రాజు చెయ్యి బాగుండేది."

"అవును."

"సరే. ఇంకోటి చెప్పు. గుట్టకి అవతల మా డీజిల్ ట్యాంకు ఉంది. చలికాలమంతా ఊరు బతికేది దానిమీదే. కరిగిన నేల దానికి ఎంత దూరంలో ఉంది?"

"పొద్దున కొలిచాను. పదకొండు మీటర్లు. రోజుకి జానెడు పైనే జరుగుతోంది."

"ట్యాంకు ఒరిగితే డీజిల్ అంతా ఏట్లో పడుతుంది. ఈ మొక్కల్ని ఎలా చంపాలి?"

సత్యవేణి రాత్రంతా ఆలోచించింది అదే. నరికితే ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది. నిప్పు పెడితే కింద ఉన్న నాచు ఏళ్ళ తరబడి రగులుతుంది. మందు కొడితే అది ఏటి చేపల్లోకి చేరుతుంది.

"ఆకలితో," అంది. "వేరు వెచ్చగా ఉండాలంటే చక్కెర కాల్చాలి. చక్కెర ఆకులోంచి రావాలి. కొమ్మ విరవకుండా ఆకులు మాత్రం దూసేస్తే, వేరు తన దగ్గరున్నదంతా కాల్చుకుని చల్లారిపోతుంది. అనుకుంటున్నాను. ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు."

"ముప్పై తొమ్మిది వేల మొక్కలు," అన్నాడు వెనక నుంచి ఓ ముసలాయన.

"ఇప్పుడు ఇంకా ఎక్కువే ఉంటాయి," అంది సత్యవేణి.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టారు. సూర్యుడు దిగని రోజులవి. జనం వంతులవారీగా పనిచేశారు. సముద్రం మీదున్నవాళ్ళు తిరిగొచ్చి పడవలు ఒడ్డుకి లాగేసి వాలెక్కారు. ఎలెన్ కేంద్రం నుంచి తొమ్మిది మందిని పిలిపించింది, తనూ నిలబడింది. కొమ్మ మొదట్లో పట్టుకుని పైకి ఒక్కసారి దూయాలి. బెరడు చీలకూడదు, చివర విరగకూడదు. విరిగితే ఆ ముక్కని ఏరి సంచిలో వేసుకోవాలి. దోమలు మొహాల్ని కప్పేసేవి. మొదటి దఫా పూర్తవడానికి పదిరోజులు పట్టింది. చివరి పొద దూసి వెనక్కి చూస్తే మొదటి వరసలు మళ్ళీ చిగిర్చి ఉన్నాయి. ఒకావిడ అక్కడే కూర్చుని సంచి విసిరికొట్టింది. కాసేపటికి తనే లేచి సంచి తెచ్చుకుంది.

సత్యవేణి రోజూ పొద్దున్నే ట్యాంకు దగ్గర చువ్వ గుచ్చేది. పది మీటర్లు. తొమ్మిది. ఏడున్నర. ఆ అంకె ఊరి దుకాణం తలుపు మీద సుద్దముక్కతో రాసేది. ఎవరూ ఆమెని పలకరించేవాళ్ళు కాదు, అంకె చూసి వాలెక్కేవాళ్ళు.

పన్నెండో రోజు వీర్రాజు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"మూడు తీసేశారమ్మాయ్. బొటనవేలు, చూపుడువేలు ఉంచారు."

సత్యవేణి ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"వింటున్నావా? ఏడవకు. ఇక్కడ కూరల్లో కారం వెయ్యరు, నా ఏడుపు అదీ." నవ్వబోయాడు. నవ్వు సగంలోనే తెగింది. "ట్యాంకుకి ఇంకా ఎంత దూరంలో ఉంది?" అని అడిగాడు.

"ఏడు మీటర్లు."

"కొత్త చిగురు ఏ రంగులో వస్తోంది?"

"పచ్చగానే వస్తోంది బాబాయ్."

"పసుపు తిరిగితే చెప్పు. మొక్క దగ్గర సరుకైపోయిందంటే ముందు రంగే చెబుతుంది."

రెండో దఫా చిగురు పచ్చగానే వచ్చింది. ట్యాంకుకి అయిదు మీటర్లు. ట్యాంకు చుట్టూ కట్టెల దన్నులు పెట్టారు, అవి నిలబడతాయని ఎవరికీ నమ్మకం లేదు. మూడో దఫా మొదలైన నాడు ఆగ్నెస్ కర్రల సాయంతో వాలు మీదకి వచ్చి, ఒక పొద ముందు పీట వేసుకుని కూర్చుంది. వారిస్తే వినలేదు. మూడున్నర మీటర్లు. రెండున్నర.

ముప్పై ఎనిమిదో రోజున ఆగ్నెస్ గట్టిగా పిలిచింది. సత్యవేణి పరుగెత్తుకు వెళ్ళింది. ఆగ్నెస్ చేతిలో ఓ కొత్త చిగురు ఉంది. గోరంత. పసుపు.

నలభై ఒకటో రోజు చువ్వ కిందటి రోజు గుచ్చిన చోటే టక్కుమంది. నలభై రెండో రోజూ అక్కడే. సత్యవేణి దుకాణం తలుపు మీద 'ఒకటిన్నర' అని రాసి, కింద మళ్ళీ 'ఒకటిన్నర' అని రాసింది. ఆ రోజు దుకాణం ముందు నిలబడ్డ ముసలాయన ఆమెకి కప్పుడు టీ తెచ్చి ఇచ్చాడు.

చలికాలమంతా ఆమె కివాలుక్‌లోనే ఉండిపోయింది. పొదల మోళ్ళ మధ్య మంచు పేరుకుంటే అది దుప్పటిలా నేలకి వెచ్చదనం ఇస్తుంది. అందుకని పడిన మంచుని పడినట్టే తొక్కి పలచబరిచి, చలిని లోపలికి దింపాలి. మంచుబండ్లు తిప్పారు, అవి వెళ్ళలేనిచోట కాళ్ళతో తొక్కారు. ఆమె రాసిన నివేదికలో మొదటి పేజీలోనే ఏడో గొట్టం సంగతి ఉంది. కేంద్రం ఆమెని ఉద్యోగం నుంచి తీసేసింది. ఆమె పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రయోగశాలలో దాచిన మూల మొక్కలన్నిటినీ కాల్చేశామని ఎలెన్ ఒక ఫోటో పంపింది, ఖాళీ గాజు అరలది. ఆ ఫోటో చూస్తూ సత్యవేణి చాలాసేపు ఏడ్చింది. ఆగ్నెస్ పక్కనే కూర్చుని వల అల్లుతూనే ఉంది.

మార్చిలో గొట్టాలన్నీ గడ్డకట్టిన అంకెలు చూపించాయి. మంచుకొట్టు మాత్రం పోయినట్టే. గుట్ట కుంగినచోట నీటిగుంట మిగిలింది. వాలు మళ్ళీ బోడిగా, అంతకుముందు కంటే గుంతలు గుంతలుగా తయారైంది.

మే నెలలో ఆగ్నెస్ ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళి, తరాలుగా అక్కడే పెరుగుతున్న మామూలు విల్లోలు చూపించింది. ఏది గట్టిదో, ఏది చలికి తట్టుకుంటుందో ఆమెకి తెలుసు. చిగురు వేయకముందే మూడువందల కొమ్మలు కోశారు. ఏమీ ఎక్కించలేదు. జూన్‌లో నాటారు. ఊరి సభ ఆ ఏడాది పనికి ఒక మనిషి కావాలని ఉత్తరం రాసింది. అందులో రాసిన పేరు వీర్రాజుది. కింద ఆగ్నెస్ సంతకం ఉంది.

జులై చివరి వారంలో దిగాడు వీర్రాజు. కుడిచేతికి తోలు తొడుగు ఉంది. సామాను దించకుండానే వాలు మీదకి నడిచాడు. ఒక్కో పుల్ల దగ్గరా వంగి, రెండు వేళ్ళతో బెరడు గీరి చూస్తూ వరసలన్నీ తిరిగాడు. సత్యవేణి వెనకాలే లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

"ఇరవై ఆరు," అని ఆగ్నెస్ దగ్గర ఆగి చెప్పింది. "మూడువందలకి ఇరవై ఆరు బతికాయి."

"ఈ లెక్కన వాలంతా ఎప్పటికి కప్పుకుంటుంది?" అడిగింది ఆగ్నెస్.

సత్యవేణి మనసులో లెక్క వేసింది. మరోసారి వేసింది. ఈసారి తగ్గించి చెప్పాలనిపించలేదు.

"ఎనభై ఏళ్ళు. అంతకంటే ఎక్కువే పట్టొచ్చు."

ఆగ్నెస్ వాలుని పైనుంచి కింది దాకా చూసింది.

"ఏమడిగింది ఆవిడ?" అన్నాడు వీర్రాజు. సత్యవేణి చెప్పింది. అతను తొడుగు ముడి పళ్ళతో బిగించుకున్నాడు.

"ఎనభయ్యా? మరైతే నిలబడ్డావేంటమ్మాయ్? చచ్చినవాటి చోట కొత్తవి గుచ్చాలంటే ఏటి ఒడ్డున ఏ కొమ్మలు ముదిరాయో ఇప్పుడే చూసి గుర్తు పెట్టుకోవాలి. పద."

సత్యవేణి సంచి అందుకుంది. ఆగ్నెస్ కర్ర ఊతంతో మెల్లగా దిగుతోంది. బాబాయ్, అమ్మాయీ దారి మధ్యలో ఆమె కోసం ఆగారు. ఆమె దగ్గరికొచ్చాక ముగ్గురూ కలిసి ఏటి వైపు నడిచారు.